దృశ్యము - సూచ్యము: తెలుగు చిత్రకథారచనమును గూర్చిన యొక విచారణ

ధనంజయుడు దశరూపకము ప్రథమప్రకాశమున నాటకవస్తువును దృశ్యమనియు సూచ్యమనియు రెండు తెరగుల విభజించెను. రసహీనమైనదియు రంగమున చూపదగనిదియు నైన కథాభాగము సూచ్యము. మధురమై, ఉదాత్తమై, రసభావములతో ఎడతెగక నిండియుండునది దృశ్యము. మాళవరాజగు ముంజుని కాలమున, పదవ శతాబ్దమునాడు చేయబడిన ఈ విభాగమును అలంకారశాస్త్రము చదువు విద్యార్థి పరీక్షకొఱకు వల్లించి, పరీక్ష ముగిసినవెంటనే మఱచును. కాని దీనితో అనుదినము పనిగలవాడొకడు నేడు గలడు. అతడు చలనచిత్రమునకు కథ కూర్చువాడు. ఏది తెరపై చూపవలయును, ఏది మాటతో దాటింపవలయును, ఏది మాటయు లేక ఒక వస్తువుచేతనో ఒక చేష్టచేతనో తెలుపవలయును అను నిర్ణయమే అతని వృత్తి. సంభాషణలు వ్రాయుట అందొక భాగము మాత్రమే.

ఈ వృత్తినిగూర్చి తెలుగుదేశమున రెండు దురభిప్రాయములు చిరకాలముగా నున్నవి. పండితులు చిత్రకథను సాహిత్యముగా గణింపరు. అది వినోదవర్తకుల సరుకని తలంతురు. చిత్రములు తీయువారిలో పెక్కురు కథ దర్శకుని మనస్సులో నుండుననియు, కాగితము నటులకు మాటలందించుటకు మాత్రమే యనియు భావింతురు. మొదటివారు వ్రాతప్రతిని చదువరు; రెండవవారు దానిని దాచరు. ఇందువలన లక్షలకొలది జనులు కంఠస్థము చేసికొన్న వాక్యములకు సైతము శోధితమైన పాఠము లేని స్థితి యేర్పడినది. ఈ రెండభిప్రాయములును ఎంతవఱకు నిలుచునో పరీక్షించుటకు కదిరి వెంకటరెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో, విజయా సంస్థ 1957లో వెలువరించిన 'మాయాబజార్' తగిన లక్ష్యము. అందఱును చూచిన చిత్రమగుటచేత వాదమునకు సాక్ష్యము వెదుకనక్కఱలేదు.

తొలినాళ్ల టాకీలు నాటకమును తెరకెక్కించినవే. 1932లో ప్రదర్శితమైన 'భక్తప్రహ్లాద' సురభి నటుల నాటకము నాధారముగా గొని తీయబడినది. రంగస్థలమున సూచ్యమునకు సాధనము మాట యొక్కటే. పాత్ర ప్రవేశించి తానెవరో చెప్పును. జరిగినది మఱియొకనికి వినిపించును. తెరవెనుకనుండి ఒకడు కేకవేసి రాబోవుదానిని తెలుపును. శాస్త్రకారులు విష్కంభము, ప్రవేశకము, చూలిక, అంకాస్యము, అంకావతారము అని చెప్పిన అర్థోపక్షేపకము లైదును వాచికముపైననే ఆధారపడినవి. ఈ అలవాటు తెరమీదికిని వచ్చినది. కెమేరా కన్నులయెదుట నున్నను, పాత్రలు కన్నులు లేనివారికి చెప్పినట్లు కథ చెప్పుకొనుచుండిరి. శశిరేఖాపరిణయకథయు 1936లోనే పి. వి. దాసు దర్శకత్వమున చిత్రముగా వెలువడినది. కనుక 1957నాటి చిత్రము కథ క్రొత్తదగుటచేత గెలిచినది కాదు. వ్యాసభారతమున లేని ఆ కథ నాటకసమాజముల మూలమున ఊరూర తెలిసియేయుండెను. తెలిసిన కథను ఎట్లు కూర్చిరనునదే ఇచట విచార్యము.

కూర్పునందలి సాహసములలో మొదటిది పాండవులను తెరపైకి రానీయకపోవుట. కథకు మూలకారణము వారి జూదము, రాజ్యనాశము, వనవాసము. అభిమన్యుని తండ్రి అర్జునుడు, ఘటోత్కచుని తండ్రి భీముడు. అయినను ఆ అయిదుగురిలో ఒక్కడును కనబడడు, ద్రౌపదియు కనబడదు. సామాన్యరచయిత యెవడైనను ద్యూతసభను విడిచిపెట్టడు. అది తెలుగు రంగస్థలమున చప్పట్లు కొట్టించు ఘట్టము, పద్యములకు ఆటపట్టు. పింగళి, వెంకటరెడ్డి దానిని సూచ్యమున పడవేసిరి. ఎచ్చటనో జరుగుచున్న వస్త్రాపహరణము ద్వారకలోనున్న కృష్ణుని చేష్టచేతను, పిదప అతడు చెప్పిన మాటలచేతను మాత్రమే తెలియును. దానినిబట్టి ప్రేక్షకుడు సభయంతయు తనంతట ఊహించుకొనును. ఏలయన భారతము అతనికి ముందే తెలియును.

ఇక్కడ ధనంజయుని లక్షణము ఒకింత సడలుచున్నది. ద్యూతసభ నీరసము కాదు, మిక్కిలి సరసము. అయినను దానిని సూచ్యము చేయవలసివచ్చుటకు కారణము ఆ ఘట్టపు రసము ఈ కథారసమునకు వైరి యగుటయే. కరుణరౌద్రములు ఒకసారి తెరనాక్రమించినచో తరువాతి పెండ్లివేళాకోళమునకు చోటుండదు. ద్రౌపది జుట్టు పట్టి యీడ్వబడుట చూచిన ప్రేక్షకుడు కౌరవులను చూచి నవ్వలేడు. వారి చావు కోరును. కావున 'రసహీనమైనది సూచ్యము' అను సూత్రమునకు 'అంగిరసమునకు విరోధియైనదియు సూచ్యము' అని చేర్చుకొనవలయును. ఈ చేర్పు క్రొత్తది కాదు. నాయకునకుగాని రసమునకుగాని విరుద్ధమైనదానిని విడువవలయుననియో, మార్చి చెప్పవలయుననియో మూడవ ప్రకాశమున ధనంజయుడే చెప్పియున్నాడు. చిత్రకథ వ్రాయ నుద్యమించువానికి దీనికంటె పనికివచ్చు ఉపదేశము దుర్లభము: తనకు మిక్కిలి ఇష్టమైన ఘట్టమునే ముందుగా అనుమానింపవలయును.

రెండవ విషయము నిషేధములను గూర్చినది. దూరప్రయాణము, వధ, యుద్ధము, రాజ్యవిప్లవము, కోటముట్టడి, భోజనము, స్నానము మున్నగువానిని రంగమున ప్రత్యక్షముగా చూపరాదని దశరూపకకర్త యాజ్ఞ. వీనిలో కొన్ని అశక్యములగుటచేతను, కొన్ని అనుచితములగుటచేతను నిషిద్ధములైనవి. చలనచిత్రమునకు అశక్యత చాలవఱకు తొలగినది. దూరప్రయాణము అందు కష్టము కాదు సరిగదా, అతిసులభము. సుభద్రాభిమన్యుల రథము అడవిదారి పట్టుట క్షణములలో తేలిపోవును. అనౌచిత్యమాత్రము అట్లే నిలిచియున్నది. అయినను ఈ చిత్రమున అందఱికిని మిక్కిలి జ్ఞప్తియందున్న ఘట్టము భోజనఘట్టమే! విడిదిలో సిద్ధపఱచిన పెండ్లివంటకములనెల్ల ఘటోత్కచుడొక్కడే ఆరగించును. శాస్త్రము కాదన్నది ఇక్కడ చిత్రమునకే శిరోభూషణమైనది.

దీనికి కారణము నిషేధము తప్పగుట కాదు. భోజనము అనుచితమగుట సామాన్యమానవుడు సామాన్యముగా తినునప్పుడు. అప్పు డది నీరసమును, చూచువారికి సంకోచకరమును అగును. ఎస్. వి. రంగారావు ధరించిన ఘటోత్కచుని భోజనమున తినుట యను వ్యాపారము కేవలము నిమిత్తము. లడ్డులు తమంతట తామే యెగిరి నోటబడుటయు, పళ్లెరములు ఖాళీ యగుటయు, దేహము పెరుగుటయు అద్భుతహాస్యములకు స్థానములు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ చేసిన కెమేరామాయను మెచ్చుకొనువారు తఱచుగా ఒక సంగతి మఱతురు: ఆ మాయకు చోటిచ్చినది వ్రాతయే. ఆకలిగొన్న రాక్షసుడు, విందుకై కూర్చిన వంట, చూచువారు లేని గది అను మూడింటిని ఒకచోట చేర్చినది రచన. ఆ కూర్పు లేనియెడల ఎగురు లడ్డు కేవలము గారడి. ఇటీవలి చిత్రములలో యంత్రబలముచే కల్పింపబడు వింతలు అనేకములు చూచిన మఱునాటికే మఱపునకు వచ్చుట ఇందువలననే.

మూడవదియు, సూక్ష్మతమమును అగు విశేషము 'ప్రియదర్శిని' అను పేటిక. మూత తెఱచి చూచినవారికి తమకు ప్రియమైనది అందు కానవచ్చును. శశిరేఖకు అభిమన్యుడును, బలరామునకు శిష్యుడైన దుర్యోధనుడును, రేవతికి మణిభూషణములును కనబడును. నాటకరచయితయైనచో ఈ మూడు మనస్తత్త్వములను తెలుపుటకు మూడు స్వగతములు వ్రాయవలసియుండెను. స్వగతము రంగస్థలమున నడచును. నటుడు కొంచెము ముందునకు వచ్చి సభవైపు మొగము త్రిప్పినచో సభ దానిని మన్నించును. తెరమీద సభ లేదు. స్వగతము పిచ్చివాని మాటవలె వినబడును. ఈ చిక్కు పింగళి యెఱుగనిది కాదు. 1901లో జన్మించి, బందరు నాటకరంగమున పెరిగి, 'వింధ్యరాణి' వంటి నాటకములు వ్రాసి, ద్విజేంద్రలాల్ రాయ్ నాటకములను తెలిగించినవాడతడు. స్వగతమును విడువక, దానిని కంటికి కనబడు వస్తువుగా మార్చెను. హృదయము పేటిక యయ్యెను. అంతేకాదు, బలరామునకు కూతురు కనబడక దుర్యోధనుడు కనబడుటలో, రేవతికి కూతురు కనబడక నగలు కనబడుటలో, పెండ్లిమాట ఏల తప్పిపోవునో కారణమంతయు ఇమిడియున్నది. బీజమును ఇంత తక్కువ మాటలతో నాటిన తెలుగు నాటకము అరుదు.

కథాంతమున దీనికి జోడుగా సత్యపీఠము వచ్చును. దానిపై నిలిచినవాడు నిజమునే పలుకవలసివచ్చును. శకుని దానిపై నిలిచి కౌరవుల కపటమును స్వముఖమున వెల్లడించును. మొదట ఒక వస్తువు హృదయములను చూపినది. తుద మఱియొక వస్తువు హృదయమును పలికించినది. నిర్వహణసంధిలో చెదరిన అర్థములన్నియు ఒకచోట చేరవలయునను నియమమునకు ఇది చక్కని ఉదాహరణము. సి. ఎస్. ఆర్. ఆంజనేయులు శకుని పాత్రను ఎంత కుటిలముగా నడపెనో, ఈ ఒక్క ఘట్టమున అంత నిస్సహాయముగా నడపెను. ఆ నిస్సహాయత నటునికి లభించినది రచనవలన.

సంధిపంచకమును చలనచిత్రములకు అన్వయించుటయందు పండితులు ఒక పొరపాటు చేయుదురు. ముఖము, ప్రతిముఖము, గర్భము, అవమర్శము, నిర్వహణము అని అయిదు గళ్లు గీసి, కథను వానిలో నింపి, 'చూడుడు, అంతయు మన శాస్త్రముననే యున్నది' అని సంతోషింతురు. మాయాబజార్ కథను అట్లు నింపుట కష్టము కాదు. చిన్ననాటి వలపును, సుభద్రకు బలరాముడిచ్చిన మాటయు ముఖము. ఆ మాట తప్పుట ప్రతిముఖము. ఘటోత్కచాశ్రమమున తల్లీకొడుకులకు దొరకిన అండ గర్భము. కాని అవమర్శముకడ గడి ఖాళీగా మిగులును. ఫలసిద్ధి చేతికందినట్లే యుండి తప్పిపోవునేమో యను సందేహము ఆ సంధికి ప్రాణము. కృష్ణుడును ఘటోత్కచుడును ఒకపక్క నిలిచిన పిదప శశిరేఖ లక్ష్మణకుమారుని చేతబడునేమో యని పసివాడును భయపడడు. అయినను ప్రేక్షకుడు కుర్చీ విడువడు. ఏల?

ఉత్కంఠ ఫలమునుండి ఉపాయమునకు మాఱినది గనుక. పెండ్లి జరుగునా జరుగదా యనునది ప్రశ్న కాదు; పెండ్లివారు ఎట్లు మోసపోవుదురనునది ప్రశ్న. శశిరేఖరూపమున నున్నది ఘటోత్కచుడని ప్రేక్షకునకు తెలియును, వరునకు తెలియదు. కాలు త్రొక్కించువేళ రేలంగి మొగమున కనబడు బాధయంతయు ఈ తెలియుట తెలియకపోవుటల నడుమ పుట్టినదే. సావిత్రి ఒకే దేహమున కన్యకను రాక్షసుని చూపగలుగుటయు ఈ యేర్పాటువలననే సాధ్యమైనది. సందేహమునకు బదులు ప్రేక్షకునకు రహస్యమున పాలు ఇచ్చుట యన్నమాట. అయితే దీనికి ఒక మూల్యము చెల్లింపవలసివచ్చినది. అసలు శశిరేఖాభిమన్యులకు ఉత్తరభాగమున కథలో పని తక్కువ. వారు ఆశ్రమమున సుఖముగా నుండ, కథ యంతయు మాయాశశిరేఖ వెంట పోయినది. చిత్రము ముగిసిన పిదప ప్రేక్షకుని జ్ఞప్తియందు నిలుచునది ఆ రెండవ శశిరేఖయే. దీనిని దోషమనువారితో వాదింప బనిలేదు, దోషమే. ఈ దోషము లేక ఆ గుణము రాదని మాత్రము గుర్తింపవలయును.

అయిదు గళ్లవారివంటివారే మూడు గళ్లవారు. అమెరికా ఉపాధ్యాయుడు సిడ్ ఫీల్డ్ 1979లో ప్రకటించిన గ్రంథమున చిత్రకథకు మూడంకములనియు, వ్రాతప్రతిలో ఒక పుట తెరపై ఒక నిమిషమునకు సమమనియు, 120 పుటలలో మొదటి ముప్పది ప్రస్తావనకును, నడిమి అఱువది సంఘర్షమునకును, తుది ముప్పది పరిష్కారమునకును చెందవలయుననియు బోధించెను. మూడు గంటలసేపు సాగి, పాటలతో నిండి, నడుమ విశ్రాంతి పొందు తెలుగు చిత్రమునకు ఈ కొలత యథాతథముగా సరిపడదు. ఒక పుటకు ఒక నిమిషమను లెక్కయు తెలుగున కుదురదు. నాలుగు పాదముల పద్యము కాగితముపై నాలుగు పంక్తులే, రాగము తీసి పాడినచో అది ఎంత సాగునో పాడువాని దయ.

ఈ చిక్కును వెంకటరెడ్డి యెదుర్కొన్న తీరు చెప్పదగినది. 1912లో తాడిపత్రిలో జన్మించిన అతడు దర్శకుడగుటకు ముందు వాహినీ సంస్థలో ధనపులెక్కలు చూచెను. ఆ లెక్కలవాని దృష్టి తుదివఱకును అతనిని విడువలేదు. చిత్రీకరణమునకు పూర్వమే వ్రాతప్రతి సమగ్రముగా సిద్ధము కావలయును. ప్రతి ఘట్టమును నటులచే అభ్యాసము చేయింపవలయును. మాటను, మౌనమును, నడకను, పాటను స్టాప్‌వాచితో కొలిచి చిత్రమెంత నిడివి యగునో ముందే తేల్చుకొనవలయును. ఇది అతని పద్ధతి యని అతనితో పనిచేసినవారు చెప్పియున్నారు. మాయాబజార్ పూర్వరంగమునకే యించుమించు ఒక సంవత్సరము పట్టినది.

ఈ కొలతయందలి ప్రయోజనము తెలియవలెనన్నచో ఫిల్ముగణితము కొంచెము తెలియవలయును. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషమునకు 90 అడుగుల చొప్పున తెరముందు పరుగెత్తును. మూడుగంటల చిత్రము 16,200 అడుగులు. ఒక నటుడు ఒక వాక్యమును సాగదీసి మూడు సెకనులు ఎక్కువ తీసికొన్నచో నాలుగున్నర అడుగులు వ్యయమగును. అట్టివి నూఱు చేరినచో ఒక ఘట్టమే కోతకు గుఱియగును. యుద్ధకాలమున ఫిల్ము దొరకక ప్రభుత్వమువారు చిత్రముల నిడివిని 11,000 అడుగులకు, అనగా రెండుగంటలకు కొంచెము పైగా, పరిమితము చేసిరి. 'భక్తపోతన'తో యుద్ధకాలముననే దర్శకత్వము ప్రారంభించినవానికి అడుగు విలువ తెలియకుండుట పొసగదు. తీసిన పిదప కత్తిరించువాడు కథను కత్తిరించుచున్నాడో కాలమును కత్తిరించుచున్నాడో తెలియకయే కత్తిరించును. తీయకముందు కత్తిరించువాడు కాగితమును మాత్రము కత్తిరించును. రెండవదానికి ఖర్చు తక్కువ. వ్రాయువానికిని అది మేలు. ఏలయన తన వాక్యమేది యెందుకు పోయినదో అతడు ఎదుట నుండి చూడగలడు, తగిన మాటతో సంధిని పూడ్చగలడు.

అభ్యాసము చేయువారు ఈ పద్ధతినుండి గ్రహింపదగినది గడియారము కాదు, గట్టిగా చదువుట. తెలుగు వాక్యము కంటికి ఒకటి, చెవికి ఒకటి. వ్రాసినదానిని పాత్రయొక్క వేగముతో, పాత్రయొక్క ఊపిరితో పైకి చదివినప్పుడు సమాసము ఎక్కడ బరువగునో, క్రియ ఎక్కడ ఆలస్యముగా వచ్చునో వెంటనే తెలియును. పూర్వము నాటకకర్తలు తమ కృతులను మిత్రగోష్ఠిలో చదివి వినిపించుటయందలి ప్రయోజనమును ఇదియే.

ఈ పద్ధతి యొక్కటే పద్ధతి యనరాదు. సత్యజిత్ రాయ్ 1955లో వెలువరించిన 'పథేర్ పాంచాలి'కి పూర్తి వ్రాతప్రతి లేదు. చిత్రకారుడగుటచే అతడు ఘట్టములను బొమ్మలుగా గీసికొనెను. తరువాతి చిత్రములకు వర్తకుల పద్దుపుస్తకములవంటి ఎఱ్ఱగుడ్డ అట్టల పుస్తకములలో సంభాషణలు, బొమ్మలు, వేషములు, సంగీతము కలిపి వ్రాసికొనుచుండెను. జపానున కురొసావా 'ఏడుగురు సమురాయిలు' (1954) కథను హషిమోతో, ఒగుని యను నిద్దఱు రచయితలతో గూడి ఒక సత్రమున మకాము పెట్టి వ్రాసెను. ఒకే ఘట్టమును ఇద్దఱు వేఱువేఱుగా వ్రాయ, మూడవవాడు తీర్పరియై మేలైనదానిని ఎన్నుచుండెనట! తెలుగు పండితులకు అవధానసభలు జ్ఞప్తికి వచ్చును. ఈ మువ్వురి అలవాట్లును భిన్నములు; కాని ముగ్గురును తీయుటకు పూర్వమే చూచినవారు. బొమ్మగా చూచినను, లెక్కగా చూచినను, వాదముచేత చూచినను చూపు ఒకటే.

పద్ధతియున్నంతమాత్రమున ఫలము సిద్ధించుననుటయు భ్రమయే. అదే దర్శకుడు, అదే రచయిత, అదే విజయా సంస్థకై 1968లో వెలువరించిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ప్రజాదరణము పొందలేదు. అచట గడియారము చెడిపోలేదు. మాయాబజార్‌లో కృష్ణునికిని ఘటోత్కచునికిని ఉన్న మాయలు మానవుల ఆశలతో, భయములతో ముడిపడియున్నవి. కూతురి పెండ్లి, మాట తప్పిన మేనమామ, పేదయైన మేనత్త యను సంగతులు ప్రతి తెలుగింటను గలవు. ఆ ముడి సడలినచోట కొలత యెంత సరియైనను కథ తేలిపోవును.

తుదిగా భాషావిషయము. పౌరాణికచిత్రములలో గ్రాంథికము పలికించుట అప్పటికి ఆచారము. పింగళి కృష్ణబలరాములచే శిష్టమైన తేటతెలుగు పలికించి, క్రొత్తమాటల కల్పనను రాక్షసులకు వదలెను. ఇందు వ్యాకర్తలకు ప్రీతికరమగు చమత్కారము గలదు. 'అసమదీయులు' అనునది 'అస్మదీయ' శబ్దమునకు వికృతి. సంయుక్తాక్షరమును అచ్చుతో విడదీయుట 'రత్నము' 'రతనము' అగుటవంటిదే. రాక్షసశిష్యుడు తెలియకయే తద్భవము కల్పించుచున్నాడు! అంతట ఆగక, దానికి ప్రతిగా 'తసమదీయులు' అని శత్రువులకు పేరుపెట్టును. సంస్కృతమున అట్టి రూపము లేదు, సామ్యముచేత పుట్టినది. గురువు దీనిని తప్పుపట్టగా, మాటలు ఎవడో ఒకడు పుట్టింపనిదే పుట్టవని ఘటోత్కచుడు శిష్యుని పక్షము వహించి వీరతాడు వేయించును. గ్రాంథికవ్యావహారికవాదమున ముప్పదియేండ్లు పత్రికలు నిండిన దేశమున, ఆ వాదమంతయు ఒక రాక్షసుని కొలువులో నిమిషములో తేలిపోయినది.

'గింబళి', 'గిల్పము' అను మాటలు ఇంతకంటె విచిత్రములు. తెలుగున ఏ నామమునకైనను 'గి'కారాదియగు ప్రతిధ్వనిని చేర్చి 'పులి గిలి', 'పుస్తకము గిస్తకము' అనుట వాడుక. ఆ రెండవ మాటకు స్వతంత్రార్థము లేదు. 'అట్టివి' అనుట మాత్రమే దాని పని. పింగళి కంబళికి తోడుగా గింబళిని, తల్పమునకు తోడుగా గిల్పమును నిజముగా విడిదిలో చూపించి, వానికి వేఱువేఱు మాయాశక్తులు కల్పించెను. అర్థము లేని మాటకు వస్తువు పుట్టినది. ఇది నిఘంటువు చదువుటచేత వచ్చు చమత్కారము కాదు. ఇండ్లలో వినబడు వాడుకను చెవియొగ్గి వినుటచేత వచ్చినది. ఇక్కడను దృశ్యము పనిచేయుట గమనింపదగును: వినికిడి మాత్రమైన హాస్యము కంటికి కనబడు వస్తువైనది.

ఇట్టి రచనకు శోధితపాఠము అవసరము లేదనుట ఎట్లు? తాళపత్రములను పోల్చి పాఠాంతరములను నిర్ణయించు శ్రమకు తెలుగు పరిశోధకులు క్రొత్తవారు కారు. చిత్రకథకును ప్రతులు గలవు: రచయిత వ్రాతప్రతి, చిత్రీకరణమునకై షాటులుగా విభజించిన ప్రతి, సెన్సారువారికి సమర్పించు సంభాషణప్రతి, ప్రదర్శనశాలలయొద్ద అమ్మిన పాటలపుస్తకము, వీనికన్నిటికిని మిన్నగా తెరపై వినబడు పాఠము. ఇవి ఒకదానితో నొకటి సరిపోవుననుకొనుట సాహసము. పాటలపుస్తకములు కథను సగమువఱకు చెప్పి తక్కినది తెరపై చూడుడని విడిచిపెట్టును. 'భక్తప్రహ్లాద' చిత్రము నేడు చూచుటకు లభింపదు. తొలినాళ్ల చిత్రములు మఱికొన్నింటి గతియు నదియే. పూనా నగరమున జాతీయచలనచిత్రభాండాగారము 1964లో ఏర్పడునాటికే తెలుగు టాకీకి ముప్పది యేండ్లు నిండినవి. ఫిల్ము పోయినచోట వ్రాతప్రతి యొక్కటే సాక్షి. అదియు పోయినచో ఆ రచయిత పేరు ప్రకటనపత్రములందు మాత్రమే మిగులును.

మాయాబజార్ విషయమున పరిష్కర్తకు మఱియొక సాధనము గలదు. ఆ చిత్రము అదే 1957లో తమిళమునను వెలువడినది. నటులలో కొందఱు మాఱిరి, కూర్పు మాఱలేదు. తమిళమునను ప్రతిధ్వనిశబ్దములు 'కి'కారముతో ఏర్పడును గనుక గింబళి, గిల్పములకు అచటి రచన యెట్టి మాటలు కల్పించినదో, 'అసమదీయ' మను వికృతికి ఏమి చేసినదో, ఏ ఘట్టమున సంభాషణ పెరిగి ఏ ఘట్టమున తగ్గినదో రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి, గడియారము చేతబట్టి, వరుసగా గుర్తింపవలసియున్నది. రెండు భాషలును ఎఱిగిన పండితుడొకడును, కత్తిరింపుగదిలో పనిచేసిన అనుభవము గలవాడొకడును కలసి కూర్చున్నచో ఇది కొలదినెలల పని.